హనుమకొండలో కసరత్తు, సికింద్రాబాద్‌లో గోల్ఫ్

హనుమకొండలో విత్తనాలు, ఎరువుల దుకాణం నడిపేవాడికి గోల్ఫ్ ఏంటని మొదట మా ఇంట్లోనే నవ్వారు. నవ్వరా మరి? మా దగ్గర ఆదివారం పొద్దున ఆటంటే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో క్రికెట్, కాదంటే షటిల్. నన్ను ఇందులోకి దింపింది మా పెద్ద బావ. ఆర్మీలో కర్నల్‌గా రిటైరై సికింద్రాబాద్‌లో స్థిరపడ్డాడు. అక్క వాళ్లింటికి పోయినప్పుడు ఓసారి డ్రైవింగ్ రేంజ్‌కు, అంటే బంతులు కొట్టి సాధన చేసే చోటుకు తీసుకెళ్లి, చేతిలో సెవెన్ ఐరన్ అనే క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర, పెట్టాడు. అంతే, పట్టుకుంది. శనివారం దుకాణం కట్టేసి కాజీపేటలో రైలెక్కితే రెండు గంటల పైచిలుకులో సికింద్రాబాద్. రాత్రి అక్క చేతి భోజనం, తెల్లవారుజామున బావతో కోర్సుకు, అంటే గోల్ఫ్ మైదానానికి. అదీ ప్రతి వారం కుదరదు.

అందువల్ల నా విషయంలో ఆట తక్కువ, ఆటకు ఒళ్లు సిద్ధం చేసుకోవడం ఎక్కువ అయింది. ఊళ్లో ఉన్నన్ని రోజులు బంతి కొట్టే వీలు లేదు, చేయగలిగిందల్లా కసరత్తే. అదే కలిసొచ్చిందని ఇప్పుడు అనిపిస్తోంది. బావ స్నేహితుల్లో రోజూ రేంజ్‌కెళ్లి బకెట్లకు బకెట్లు బంతులు కొట్టేవాళ్లున్నారు. ఏటా కొత్త డ్రైవర్, అంటే బంతిని దూరం కొట్టే పెద్ద క్లబ్బు, కొనేవాళ్లున్నారు. ఆటలో బంతి వేయాల్సిన గుంతలు, హోళ్లంటారు, పద్దెనిమిది; పదమూడు, పద్నాలుగో హోల్ వచ్చేసరికి వాళ్లలో చాలామంది నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడతారు. క్లబ్బు మీద పెట్టిన డబ్బులో పదో వంతు ఒంటి మీద పెడితే ఆ చెయ్యి నడుం మీదికి పోదు కదా అనుకుంటాను గాని, పెద్దవాళ్లు, అనలేను.

మొదట్లో నా పరిస్థితీ అదే. వయసు 48. పొద్దున గల్లా ముందు కూర్చుంటే రాత్రి షట్టర్ వేసేదాకా కుర్చీలోనే. బంతి కొట్టిన ప్రతిసారీ నడుం కింద, కుడిపక్క, ఎవరో వేలితో పొడిచినట్టు ఉండేది. మరుసటి రోజు దుకాణంలో కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి. బావ రెండు మూడు ఆటలు చూసి ఒక మాట అన్నాడు.

“బామ్మర్దీ, నువ్వు కొట్టేది చేతులతోని. కింది సగం నీతోని వస్తనే లేదు. ముందుగాల ఎవరికన్న సూపెట్టుకో, తర్వాత కోచింగ్ సంగతి సూద్దాం.”

నక్కలగుట్ట వైపు ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. చిన్న వయసు అమ్మాయి. నేను గోల్ఫ్ అనగానే ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, “సరే సార్, ఏ ఆటైనా నడుము నడుమే కదా” అంది. నడుముకు కరెంటు పెట్టి పంపిస్తుందనుకున్నా. అదేం చేయలేదు. నడుమును ముట్టుకోకుండా గంటసేపు మిగతా ఒళ్లంతా పరీక్ష చేసింది.

ముందు స్టూలు మీద కూర్చోబెట్టింది. మోకాళ్ల మధ్య తువ్వాలు చుట్ట పెట్టి, అది జారకుండా నొక్కిపట్టమంది. ఛాతీ మీద అడ్డంగా ఒక కర్ర పెట్టుకుని చేతులు కట్టుకోమంది. “ఇప్పుడు తుంటి కదలకుండా పైభాగం మాత్రమే తిప్పండి సార్.” కుడికి తిరిగాను. చాలా తిరిగాననుకున్నా. నేల మీద టేపుతో అతికించిన గీత చూపించింది. అది 45 డిగ్రీల గీత. నా కర్ర దానికి బాగా ఇవతలే ఆగిపోయింది. ఎడమకు తిరిగితే ఇంకా తక్కువ. గోల్ఫ్‌లో వెనక్కి తిరిగినప్పుడు భుజాలు దాదాపు 90 డిగ్రీలు, తుంటి 45 డిగ్రీల వరకు తిరుగుతాయని బావ చెప్పింది గుర్తొచ్చింది. వీపు తిరగదు, తుంటి సంగతి ఇంకా తేలలేదు. మరి నేను ఇన్నాళ్లూ దేన్ని తిప్పుతున్నట్టు?

తర్వాత బల్ల అంచున కూర్చోబెట్టి, మోకాలు కదలకుండా పట్టుకుని, పాదాన్ని బయటికి తోసింది. పాదం బయటికి పోతే తొడ ఎముక తుంటి గూట్లో లోపలికి తిరుగుతుంది. కుడివైపు పరవాలేదు. ఎడమవైపు కొంచెం పోయి టక్కున ఆగింది. ఆమె ఒత్తితే నా పిరుదే బల్ల మీంచి లేచింది. “ఇదిగో సార్, మీ నడుం నొప్పి ఇక్కడుంది” అంటూ తుంటి మీద వేలు పెట్టింది.

కుడిచేత్తో ఆడేవాడు బంతి కొట్టేటప్పుడు బరువంతా ఎడమకాలి మీదికి వస్తుంది. కటి భాగం మొత్తం ఆ ఎడమ తుంటి మీద తిరగాలి. ఆ తుంటి లోపలికి తిరగనంటే ఆ తిరుగుడు ఎక్కడో ఒకచోట పూర్తి కావాలి. పైన వీపు బిగుసుకుపోయి ఉంది, కింద తుంటి బిగుసుకుపోయి ఉంది. మధ్యలో దొరికింది నడుము. నడుములో ఉండే ఐదు పూసలు ముందుకు వంగడానికి, వెనక్కి వాలడానికి అమరినవి. వాటి కీళ్ల అమరికే పక్కకు తిరగనివ్వదు. ఐదూ కలిసినా పది పదిహేను డిగ్రీలకు మించి తిరగవు. వాటిని నేను ఆటకు వందసార్లు బలవంతంగా తిప్పుతున్నాను. పైగా క్లబ్బు వెనక్కి తీసుకెళ్లి కొట్టడమంతా కలిపి ఒకటిన్నర సెకను లోపు పని. అందులో కిందికి వచ్చే భాగం పావు సెకను. అంత వేగంలో తప్పుడు చోటు తిరిగితే నొప్పి పుట్టక ఏమవుతుంది?

అమెరికా గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ కథ ఆ తర్వాతే నాకు అర్థమైంది. 2017 ఏప్రిల్‌లో అతనికి నడుం కిందిభాగంలో ఆఖరి పూసను దాని కిందుండే త్రికాస్థి అనే ఎముకతో కలిపేసే ఆపరేషన్ చేశారు. అంటే అక్కడ ఇక కదలికే లేదు. రెండేళ్లకు, గోల్ఫ్‌లో పెద్ద టోర్నీల్లో ఒకటైన 2019 మాస్టర్స్‌ను 43 ఏళ్ల వయసులో గెలిచాడు. నడుములో ఒక కీలు లేకుండానే అంత ఆట ఆడగలిగాడంటే, బంతిని కొట్టే తిరుగుడు రావాల్సింది నడుములోంచి కాదన్నమాట. అతనిలా ఆడతామని కాదు. అతనికే అక్కర్లేని నడుం తిరుగుడు మనకెందుకని.

ఫిజియోథెరపీ మేడమ్ ఇంకో మాట కూడా ఖచ్చితంగా చెప్పింది. నొప్పి కాలిలోకి దిగినా, పాదంలో తిమ్మిరి వచ్చినా, రాత్రి పడుకున్నా తగ్గకపోయినా కసరత్తుల జోలికి పోకుండా డాక్టరును కలవాలి. నాది ఆ రకం కాదని చూసుకున్నాకే మొదలుపెట్టించింది.

మొదటి దశ నేల మీద. తెల్లవారుజామున హాల్లో చాప పరిచి చేసేవి. పక్కకు పడుకుని, మోకాళ్లు మడిచి, పైచెయ్యిని వెనక్కి తెరుస్తూ ఛాతీని పైకప్పు వైపు తిప్పడం. చేతులూ మోకాళ్లూ నేలకానించి నాలుగు కాళ్ల మీద ఉండి వీపును పైకి ఉబ్బించడం, కిందికి దించడం. కూర్చుని ఒక కాలు ముందుకు, ఒక కాలు పక్కకు, రెండు మోకాళ్లూ 90 డిగ్రీల్లో మడిచి, చేతుల ఆసరా లేకుండా అటు నుంచి ఇటు మారడం. ఈ చివరిది నాకు నరకం. ఎడమ తుంటి వైపు మారేటప్పుడు పక్కకు ఒరిగిపోయేవాణ్ణి. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, “ఏమయ్యా, గోల్ఫంటే గడ్డి మీద ఆడుతరంటివి, చాప మీద పొర్లుతున్నవేంది?” అనేది.

వీటితో పాటు నడుము కదలకుండా పట్టి ఉంచేవి మూడు: పక్కకు ప్లాంక్ (ఒక మోచెయ్యి, పాదాల మీద ఒళ్లు నిటారుగా ఎత్తి పట్టడం), నాలుగు కాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యి, కాలు చాపడం, వెల్లకిలా పడుకుని తల మాత్రం కాస్త ఎత్తి పట్టడం. కెనడాలో వెన్నెముక మీద దశాబ్దాలు పనిచేసిన ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ ఈ మూడింటినీ ప్రచారంలోకి తెచ్చారట. ఇక్కడ నాకు వింతగా తోచింది ఏంటంటే, నేను అంతకు ముందు నడుముకు మంచిదని చేస్తున్నవన్నీ నడుమును వంచేవి, మెలితిప్పేవి. పడుకుని లేచి మోకాళ్లు ముట్టుకోవడం, నిలబడి కర్ర భుజాల మీద వేసుకుని గిరగిరా తిరగడం. ఈమె చెప్పినవన్నీ నడుమును నిలబెట్టి, పైనా కిందా ఉన్నవాటిని కదిలించేవి.

ఈ దశ గురించి చెప్పడానికి ఇంతకంటే ఏం లేదు. విసుగు. రోజుకు పావుగంట. చెమట కూడా పట్టదు. చేస్తే ఏమైందో తెలియదు, మానేస్తే మాత్రం వారానికి తెలుస్తుంది.

అసలు పాఠం నాకు దొరికింది మా దుకాణం గోడౌన్లో. మేడమ్ రెండో దశలో “హిప్ హింజ్” నేర్చుకోమంది. అంటే వీపు నిటారుగానే ఉంచి, తుంటి దగ్గర మడతపడటం. గోల్ఫ్‌లో బంతి ముందు నిలబడే భంగిమ అదే, బరువులెత్తే భంగిమ అదే. నాకు ఎంతకూ రాలేదు. వంగమంటే వీపు గుండ్రంగా వంగిపోతోంది. అద్దం ముందు చేసినా అంతే.

ఆ రోజుల్లోనే యూరియా లోడ్ వచ్చింది. మా దగ్గర ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న హమాలీ పెద్దన్న లారీ దగ్గర బస్తాలు దించుతున్నాడు. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, 2018కి ముందు 50 ఉండేది. ఇన్నేళ్లు కళ్ల ముందే చూస్తున్నా నేనెప్పుడూ గమనించలేదు. పెద్దన్న కింద ఉన్న బస్తా తీసుకునేటప్పుడు ముందు కాళ్లు ఎడం చేస్తాడు. మోకాళ్లు కొంచెమే వంచుతాడు. పిరుదులు వెనక్కి వెళ్తాయి, ఎంత వెనక్కంటే వెనక గోడ ఉంటే తగిలేంత. వీపు పలకలా ఉంటుంది. చేతులతో బస్తా మూలలు దొరకబుచ్చుకుని, ఒక్కసారి ఊపిరి బిగబట్టి పొట్ట గట్టి చేస్తాడు. అప్పుడు లాగడు. తుంటిని ముందుకు కొడతాడు. ఆ కొట్టుడుకు బస్తా తొడల దాకా తనంతట తనే వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి ఇంకో ఊపు, భుజం మీద. చేతులు పట్టుకోవడానికే.

“పెద్దన్నా, నాకు సూపియ్యవే ఎట్ల లేపుతున్నవో” అన్నాను.

“సేటు, నీకెందుకే ఈ కష్టం” అని నవ్వి, మళ్లీ నా మొహం చూసి నిజంగానే అడుగుతున్నానని తెలుసుకుని, బస్తా పక్కన పెట్టాడు. నా వెనక నిలబడి తన అరచెయ్యి అడ్డంగా పెట్టి, “నీ పిర్ర నా చెయ్యికి తగలాలె. మోకాలు వంచకు, ఎనక్కి పో. ఇంక ఎనక్కి. పడిపోతనని భయపడకు, మడిమెల మీద ఉండు” అన్నాడు. రెండో ప్రయత్నానికో మూడోదానికో తొడల వెనక నరం పట్టినట్టు లాగింది. “ఆఁ, గదే!” అన్నాడు. మేడమ్ చెబుతున్నది ఇదేనని అక్కడ తెలిసింది.

ఇంకో సంగతి. పెద్దన్నను మోకాళ్లు, మెడ నొప్పి బాధపెడతాయి. హమాలీ పని ఒంటికి మంచిదని నేనేం పాట పాడటం లేదు. రోజంతా, వయసుతో సంబంధం లేకుండా, విశ్రాంతి లేకుండా ఎత్తితే ఎంత బాగా ఎత్తినా కీళ్లు అరుగుతాయి. కసరత్తులో మనం ఆ ఎత్తడాన్నే కొలిచి, తగ్గించి, మధ్యలో రెండు రోజులు ఆపి చేస్తాం. తేడా అక్కడే.

నేను 45 కిలోలతో మొదలుపెట్టలేదు. దుకాణంలో మక్క విత్తనాల 4 కిలోల సంచులున్నాయి. వాటిని జత కట్టి, తర్వాత మూడు, నాలుగు కట్టి, చివరికి వరి విత్తనాల పాతిక కిలోల బస్తాకు వచ్చాను. పొద్దున షట్టర్ తీయకముందు, గోడౌన్లో, వారానికి రెండుసార్లు. ఐదారు ఎత్తులు, కాసేపు ఆగడం, మళ్లీ ఐదారు. రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని గోడౌన్ ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం. పట్టు బలపడటానికి దీన్ని మించింది నేను చూడలేదు. తర్వాత ఒకే చేతిలో బరువు పట్టుకుని నడవడం. ఒకవైపు బరువు ఉన్నా ఒళ్లు ఒరగకుండా నిలబెట్టడానికి పొట్ట పక్కనున్న కండరాలన్నీ లేస్తాయి.

తర్వాత జిమ్‌లో కూడా చేరాను, బస్తాలతో ఒక దశ దాటాక కొలత కుదరదు కాబట్టి. అక్కడ ట్రైనర్ తమ్ముడు మంచివాడే, కానీ అతని దృష్టిలో మగాడి జిమ్ అంటే ఛాతీ, చేతులు. సోమవారం ఛాతీ అంటాడు. తమ్మీ, నాది ఇప్పటికే కుర్చీలో కూర్చుని ముందుకు వంగిపోయిన భుజం, దానికి ఛాతీ ఇంకా బిగిస్తే వీపు అసలే తిరగదు అంటే, ముందు ఆశ్చర్యపోయి తర్వాత ఆసక్తిగా వచ్చాడు. మేమిద్దరం కూర్చుని రాసుకున్నది చాలా తక్కువ. బస్కీలు, నేల మీది బరువును తుంటి మడతతో ఎత్తే డెడ్‌లిఫ్ట్, ఒక కాలి మీద వెనకడుగు వేసి వంగడం, బరువును ఛాతీ వైపు లాగడం. నెట్టే కసరత్తు ఒకటి చేస్తే లాగేవి రెండు.

బరువులెత్తితే ఒళ్లు బిగిసి స్వింగ్, అంటే క్లబ్బు ఊపే తీరు, పాడవుతుందన్న మాట గోల్ఫ్‌లో చాలా కాలం నడిచిందట. దక్షిణాఫ్రికా ఆటగాడు గ్యారీ ప్లేయర్ ఆ రోజుల్లో బరువులెత్తుతుంటే అందరూ వద్దన్నారని, అతను మేజర్లనే పెద్ద టోర్నీలు తొమ్మిది గెలిచాక గాని నోళ్లు మూతపడలేదని బావ చెబుతుంటాడు. 2020లో అమెరికా ఆటగాడు బ్రైసన్ డిషాంబో కండ పెంచి యూఎస్ ఓపెన్ గెలిచాక ఇప్పుడు వాదన రెండో కొసకు పోయింది. నా మటుకు నేను కండ కోసం చూడలేదు. మన దేశపు అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది కొండలు పిండిచేసే దూరం కొట్టి కాదు. డ్రైవర్‌తో ఆమె కంటే చాలా దూరం కొట్టేవాళ్లు ఆమె వెనక ఉన్నారు.

ఇక నడక. పద్దెనిమిది హోళ్లు కార్టు ఎక్కకుండా నడిస్తే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు అవుతుంది, నాలుగు గంటల పైమాట. అదీ సమంగా నడిచే నడక కాదు. నడవడం, ఆగడం, ఒక్కసారి మొత్తం బలంతో కొట్టడం, మళ్లీ నడవడం. మొదట్లో నేను పన్నెండో హోల్ తర్వాత కాళ్లు పనిచేయక చేతులతో కొట్టేవాణ్ణి. బావ చూసి చెప్పిన లోపంలో సగం అలసట వల్లే. దీనికి భద్రకాళి బండ్ అంత మంచి చోటు ఇంకోటి లేదు. పొద్దున ఐదింటికే జనం ఉంటారు, చెరువు మీది గాలి చల్లగా తగులుతుంది. మామూలు నడక కొన్నాళ్లు, తర్వాత వీపు సంచిలో నీళ్ల సీసాలు వేసుకుని నడక. వారంలో ఒకరోజు పద్మాక్షి గుట్ట మెట్లు. ఎక్కడం ఊపిరికి, దిగడం తొడలకు. దిగేటప్పుడు నెమ్మదిగా, ఒక్కో మెట్టు మీద ఒంటి కాలి మీద ఆగుతూ దిగుతాను. గుడికొచ్చిన పెద్దవాళ్లు కొందరు నేనేదో మొక్కు తీర్చుకుంటున్నాననుకున్నారు.

ఎండ సంగతి మన దగ్గర వేరే చెప్పాలి. విదేశీ వీడియోలు చూసి కసరత్తు చేసేవాళ్లు ఇది మర్చిపోతారు. వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. ఆ నెలలో నేను నడక సగం చేస్తాను, బరువులు పొద్దున్నే ముగిస్తాను. కోర్సుకు వెళ్తే మొదటి గుంపులోనే బయల్దేరతాం, ఎండెక్కితే తొమ్మిది హోళ్లకే ఆపేస్తాం. దాహం వేసేదాకా ఆగకుండా రెండు హోళ్లకోసారి నీళ్లు. లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్, అది లేకపోతే ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టినట్టు కొలిచి. అక్క మాత్రం ఉప్పేసిన పలుచటి మజ్జిగే ఇచ్చి పంపిస్తుంది, అదే నాకు పడుతుంది. పొద్దున ఆటకు ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు. బావ స్నేహితులొకరు ఆటకు ముందు పూరీ తిని, ఐదో హోల్ దాకా త్రేన్పులతోనే ఆడతారు.

మూడో దశ వేగం. బలం వచ్చినంత మాత్రాన బంతి దూరం పోదని అప్పటికి తెలిసింది. డెడ్‌లిఫ్ట్ బరువు పెరిగింది, డ్రైవర్ దూరం అలాగే ఉంది. ఒంట్లోకి వచ్చిన బలాన్ని వేగంగా వాడటం మళ్లీ విడిగా నేర్పాలి. మందపాటి గోడ ముందు పక్కకు నిలబడి, మూడు కిలోల మెడిసిన్ బాల్‌ను తుంటి తిప్పుతూ గోడకేసి కొట్టడం. బంతి చేతుల్లోంచి కాకుండా తుంటి నుంచి బయల్దేరితే గోడ మీద పడే చప్పుడే వేరుగా ఉంటుంది. జిమ్‌లో అందరూ తిరిగి చూస్తారు. రెండోది, డాబా మీద, క్లబ్బును తలకిందులుగా పట్టుకుని, అంటే ఇనుప తల దగ్గర పట్టుకుని, ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా ఊపడం. తేలిగ్గా ఉంటుంది, గాలిలో సుయ్యిమని వినబడుతుంది. ఆ శబ్దం బంతి ఉండాల్సిన చోటుకు వచ్చాక వినబడాలి. ముందే వినబడితే వేగం పైనే ఖర్చయిపోయినట్టు. కుడివైపు ఎన్ని ఊపితే ఎడమవైపూ అన్ని. ఇవి అలసిపోయాక చేయకూడదు, తాజాగా ఉన్నప్పుడే, తక్కువగా. మా వీధిలో పిల్లలకు ఇది కొన్నాళ్లు మంచి కాలక్షేపమైంది.

క్రమం తప్పడం గురించి. జూన్, జులైలో నా పరిస్థితి విత్తనాల వ్యాపారం చేసేవాళ్లకు తెలుసు. తొలకరి పడిందంటే పొద్దున ఆరింటికే రైతులు షట్టర్ ముందు ఉంటారు. జిమ్ లేదు, బండ్ లేదు, సికింద్రాబాద్ అసలే లేదు. ఆ రెండు నెలలు పట్టుకున్నవి రెండే: చాప మీది పావుగంట, వారంలో ఒక్కసారైనా బస్తా ఎత్తడం. సంపాదించిన బలాన్ని నిలబెట్టుకోవడానికి, సంపాదించేటప్పుడు పడినంత శ్రమ అక్కర్లేదని నాకు అప్పుడే తెలిసింది. ఆగస్టులో జిమ్‌కు పోతే బరువులు కొద్దిగానే తగ్గాయి. తుంటి మాత్రం కుర్చీలో కూర్చున్న గంటలకు వెంటనే బిగుస్తుంది, దానికి రోజూ కావాలి. అందుకే గల్లా దగ్గర కుర్చీ పక్కన ఎత్తు బల్ల ఒకటి వేయించుకుని సగం బేరాలు నిలబడే చేస్తున్నాను.

ఆట రోజు వార్మప్ అనేది చాలామంది ఎగ్గొట్టేది. కారు దిగి, బూట్లు మార్చి, డ్రైవర్ తీసి, గాలిలో రెండు ఊపులు, అంతే. ఇంకొందరు వంగి కాలివేళ్లు పట్టుకుని అర నిమిషం అలాగే ఉంటారు. ఆటకు ముందు అలా ఎక్కువసేపు లాగి పట్టుకుంటే కండరం కాసేపు కొంత వేగం కోల్పోవచ్చు. అది ఆట అయ్యాక చేసుకోవాల్సింది. ముందు చేయాల్సింది కదులుతూ చేసేవి. నా వరస ఇది: ఐదు నిమిషాలు వేగంగా నడక, క్లబ్బు ఆసరాగా పట్టుకుని ఒక్కో కాలు ముందుకూ వెనక్కూ ఊపడం, పెద్దన్న నేర్పిన మడత పదిసార్లు, క్లబ్బు భుజాల మీద వేసుకుని తుంటి నుంచి తిరగడం, నెమ్మదిగా మొదలుపెట్టి. ఆ తర్వాత వెడ్జ్ అనే చిన్న క్లబ్బుతో సగం ఊపులు, మధ్య ఐరన్, ఆఖరున డ్రైవర్. పావుగంట చాలు. ముందురోజు సాయంత్రం రైల్లో కూడా జనగామ దాటాక లేచి తలుపు వైపు నాలుగడుగులు వేస్తాను. రెండు గంటలు కూర్చుని వచ్చిన తుంటితో పడుకుంటే పొద్దున అదే తుంటి నిద్రలేస్తుంది.

మధ్యలో కుడి మోచెయ్యి లోపలివైపు నొప్పి పుట్టింది. దీనికి గోల్ఫర్స్ ఎల్బో అనే పేరే ఉంది. ముంజేతి కండరాలు ఎముకకు అతుక్కునే చోట వచ్చేది. మేడమ్ రెండు కారణాలు పట్టుకుంది. డ్రైవింగ్ రేంజ్‌లో సిమెంటు మీద పరిచిన చాప మీంచి అదే పనిగా ఐరన్లు కొట్టడం ఒకటి, అరిగి నున్నబడిన గ్రిప్‌ను జారకుండా గట్టిగా పిసకడం ఇంకొకటి. గ్రిప్‌లు మార్పించాను. చిన్న డంబెల్ పట్టుకుని మణికట్టును మడిచి, మెల్లగా, లెక్కపెడుతూ దించడం కొన్ని వారాలు చేశాను. తగ్గింది. పూర్తిగా విశ్రాంతి ఇవ్వమని చుట్టుపక్కల వాళ్లంతా అన్నారు గాని, బరువు తగ్గించి పని కల్పించడమే దానికి పనిచేసింది.

ఇప్పుడెలా ఉందంటే, డ్రైవర్ ఇదివరకు 180 గజాలు పోతే గొప్ప, ఇప్పుడు బాగా తగిలితే 200 దాటుతోంది. నాకు అంతకంటే విలువైనది సోమవారం. బల్ల పట్టుకోకుండా కుర్చీలోంచి లేస్తున్నాను. మొన్న మేడమ్ మళ్లీ అదే స్టూలు మీద కూర్చోబెట్టి కర్రతో తిప్పించింది. కుడికి గీత దాటింది, ఎడమకు గీత మీదికొచ్చింది. ఎడమ తుంటి మాత్రం ఇంకా బాకీ ఉంది, అది నెలల్లో తీరేది కాదట.

పుట్టింగ్ దగ్గర, అంటే బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించే దగ్గర మాత్రం ఇవేవీ పనికిరాలేదు. మూడడుగుల పుట్ ఇప్పటికీ తప్పుతుంది. ఇంట్లో తాండూరు బండల మీద గ్లాసు పడుకోబెట్టి సాధన చేస్తే, ఆ బండల మీద బంతి జారే జోరుకు అలవాటుపడి, కోర్సు గడ్డి మీద సగం దూరంలోనే ఆపేస్తున్నాను. బావకు ఫోన్‌లో మొర పెట్టుకుంటే ఆయన నవ్వాడు.

“దానికి బస్తాలు పనిచెయ్యయి బామ్మర్దీ. వచ్చే వారం నుంచి పుట్‌కు పది రూపాయలు పందెం. జేబుల చెయ్యి పెట్టాల్సొస్తే నీ చెయ్యి అదే నేర్చుకుంటది.”